రెండు కూతల మస్టర్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక మార్చి నెల మొదటి వారంలో, నన్ను మందమర్రి నుంచి గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ బొగ్గు గనికి సంక్షేమాధికారిగా బదిలీ చేశారు. కార్మికుల నోట ఆ హోదా ‘వెల్ఫేర్ సారు’. క్వార్టర్ల కేటాయింపు నుంచి క్యాంటీన్ ఇడ్లీ గట్టిదనం దాకా అన్ని ఫిర్యాదులూ ఆయన బల్ల మీదికే వస్తాయి. వీటికి తోడు, ఛార్జిషీటు అందుకున్న కార్మికుల మీద శాఖాపరమైన విచారణ జరపడం కూడా అప్పుడప్పుడు నా వంతుకు వచ్చేది.

నేను చేరిన నెలకే గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మిషన్ బిగించారు. హాజరును మా దగ్గర మస్టర్ అంటారు. షిఫ్టుకు వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి దాని ముందు నిలబడాలి. రెండుసార్లూ గుర్తుపడితేనే మస్టర్ పడుతుంది. ఆ మిషన్ కావాలని వాదించిన వాళ్లలో నేనూ ఒకణ్ని. దానికి కులం లేదు, మతం లేదు, యూనియన్ లేదు, మొహమాటపెట్టే బావమరిది లేడు అని మీటింగులో బల్ల గుద్ది చెప్పాను. బిగించిన రోజు ఎవరో కొబ్బరికాయ కొట్టి, కెమెరా పైన కుంకుమ బొట్టు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మూఢనమ్మకాన్ని గేటు దగ్గరే నిలిపేశానని ఆ రోజు నా అభిప్రాయం.

మొదటి నెల జీతం కాగితాలు చేతికి రాకముందే పోశం మీద ఛార్జిషీటు వచ్చింది. పోశం సపోర్ట్‌మన్. గని పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టడం అతని పని. మిషన్ లెక్క ప్రకారం అతను రోజూ ఉదయం ఏడింటికి వస్తున్నాడు గానీ మూడింటికి షిఫ్టు దిగి పోవడం లేదు. అంటే మధ్యలోనే ఎటో జారుకుంటున్నాడని ఆరోపణ. పాత గైర్హాజరీకి అప్పటికే ఒక హెచ్చరిక ఉంది కనుక, ఈసారి రుజువైతే ఉద్యోగం పోతుంది.

విచారణకు పోశం తన తరఫున మాట్లాడటానికి భార్య తమ్ముడు రాజయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. రాజయ్యదీ అదే గని, అదే షిఫ్టు. యాజమాన్యం తరఫున మస్టర్ క్లర్కు కూర్చున్నాడు.

“సార్, ఈయనది మ్యాటినీ కేసు,” అన్నాడు క్లర్కు. “పొద్దుగాల గేటు కాడ మొకం చూపిస్తడు, పగటీలి టాకీసుల తేల్తడు. చూసినోళ్లున్నరు.”

“నెలంత మ్యాటినీకే పోయిండా అన్నా?” రాజయ్య అడ్డుతగిలాడు. “గన్ని సినిమాలు ఎవడు తీస్తుండు? మా బావ ఇంట్ల టీవీ పెడితెనే గుర్రు కొడ్తడు.”

పోశం మాత్రం నిజాయితీగా ఒప్పుకున్నాడు. “ఒక్కపారి పోయిన సార్, సెలవు నాడు. బొగ్గుబాయి సినిమా అన్నరని పోయిన. హీరో షిఫ్టు దిగి పైకొచ్చిండు, బుగ్గ మీద రెండు నల్ల గీతలు, అంతే. అంగీ ఇస్త్రీ సుత నలగలే. గదేం షిఫ్టు సార్? ఇంటర్వెల్‌కే లేచొచ్చిన.”

సినిమా గురించి అంత సూటి విమర్శ నేను పత్రికల్లో కూడా చదవలేదు. అయినా విచారణ పత్రంలో ‘విషయానికి సంబంధం లేదు’ అని రాసుకున్నాను. పోయేటప్పుడు మిషన్ ముందు నిలబడ్డావా అని అడిగాను.

“రోజు నిలవడ్డ సార్. అందరికి ఒక్కపారి కూస్తది, నాకు రెండు పార్లు కూస్తది. పాత మనిషినని జెర ఎక్కువ ఇజ్జత్ ఇస్తున్నదనుకున్న.”

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మిషన్‌కు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు, పోశంకు ఉంది. తర్కం అంత సులువుగా తేలిపోయాక ‘ఆరోపణ రుజువైనది’ అని రాయడానికి పెన్ను మూత తీశాను. అప్పుడు రాజయ్య లేచి, “సార్, లాంపు రూం బుక్కు ఒక్కపారి చూడున్రి. అండ్ల గుడ తప్పుంటె నేనే మా బావను ఇంటికి తోల్కపోత,” అన్నాడు.

భూగర్భ గనిలో నెత్తి లాంపు లేకుండా ఎవరూ దిగరు. పైకి రాగానే దాన్ని లాంపు రూములో అప్పగించాలి. నంబరు, వేళ పుస్తకంలోకి ఎక్కుతాయి. ఆ గదిలో జాఫర్ భాయి ఉండేవాడు. ఆరోపణ ఉన్న తేదీలన్నీ వేలు పెట్టి చూపించాడు. ప్రతిరోజూ పోశం లాంపు మూడు దాటాకే వచ్చింది. “మిషన్‌కు మొకం గావాలె సార్, నాకు లాంపు గావాలె,” అన్నాడు. “లాంపు రాకుంటె మనిషి లోపల్నే ఉన్నట్టు. నేను ఇంటికెట్ల పోత?”

ఒకే మనిషి గురించి రెండు సాక్ష్యాలు రెండు రకాలుగా చెబుతున్నాయి. మర్నాడు మూడింటికి నేనే గేటు దగ్గర నిలబడ్డాను.

మా కాలనీ నుంచి గని గేటుకు కాలిబాటన ఎనిమిది నిమిషాలు. ఆ బాటలో కారు పట్టదు. కారు మెయిన్ రోడ్డు చుట్టి రావాలి, పట్టాల దగ్గర బొగ్గు రైలు ఆగితే ఇరవై నిమిషాలు. అయినా గేటు బయట కార్లు వరుసకట్టి ఉండేవి, ప్రతి బంపరుకూ నిమ్మకాయ, మిరపకాయలు. ఆ వరుసలో నా కారు కూడా ఉంది, నిమ్మకాయ మాత్రం లేదు. అంతకుమించి తేడా ఏమీ లేదు.

షిఫ్టు దిగిన జనం పైకి వచ్చారు. కార్లున్నవాళ్లు నేరుగా స్నానాల గదికి నడిచారు. ఒళ్లు రుద్దుకుని, ఉతికిన బట్టలు తొడుక్కుని, పెళ్లికి వెళ్తున్నట్టు మిషన్ ముందుకు వచ్చారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కూత, పచ్చ లైటు. బైకుల వాళ్లు, కళ్లలో పొడి ఉంటే నడపలేరు కనుక, కనీసం మొహాలు కడుక్కున్నారు. చివర పోశం వచ్చాడు. నడిచి ఇంటికి పోయి పెరట్లో వేన్నీళ్లు పోసుకోవడం అతని ముప్పై ఏళ్ల అలవాటు. బొగ్గుపొడి కమ్మిన మొహంలో కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. మిషన్ రెండుసార్లు కూసింది, ఎర్ర లైటు వెలిగింది. రివర్సు తీస్తున్న కార్ల మీద చూపు పెట్టిన గార్డు, “అయింది, నడువు కాకా,” అన్నాడు. పోశం నడిచాడు.

వెనక్కి పిలిచి, నల్లా దగ్గర సబ్బుతో మొహం కడిగించి మళ్లీ నిలబెట్టాను. ఒక్క కూత, పచ్చ లైటు.

“చూస్తివా బావా, సబ్బుకున్న ఇజ్జత్ నీకు లేదు,” అన్నాడు రాజయ్య. తర్వాత నాతో, “అబద్ధమెందుకు సార్, నేను సుత తానం చేసేది కారు కోసమే. సీటు కవరు మీద నల్ల మరక చూస్తె మా ఇంటామె బువ్వ పెట్టది,” అన్నాడు.

ఆ విధంగా మా గనిలో కారున్నవాడు మనిషిగా నమోదయ్యాడు, నడిచేవాడు కాలేదు. ఎవరూ కుట్ర చేయలేదు. సీటు కవర్ల మీది ప్రేమ ఒక్కటే చాలింది. ఆ నెలలో ఛార్జిషీట్లు తయారవుతున్న మరో నలుగురి పేర్లు తెప్పించి చూశాను. నలుగురూ నడిచేవాళ్లే.

‘ఆరోపణ రుజువు కాలేదు’ అని రాశాను. లాంపు రూం పుస్తకం ఆధారంగా పోశం మస్టర్లు తిరిగి వేశారు, అతను ఉద్యోగంలో ఉన్నాడు. మిగతా నలుగురి కాగితాలు చింపేశారు. అయితే విచారణ నివేదికకు జతచేయడానికి మిషన్ పరీక్షించినప్పటి పత్రం కూడా తెప్పించాల్సి వచ్చింది. పరీక్ష జరిగింది ఉదయం పదిన్నరకు, ఆఫీసు వరండాలో, ఫ్యాను కింద. పరీక్షకు నిలబడినవాళ్లు అధికారులు, గుమాస్తాలు. మిషన్ అందరినీ గుర్తుపట్టింది. గనిలోంచి పైకి వచ్చిన మొహం ఒక్కటి కూడా దానికి చూపలేదు. ‘పనితీరు సంతృప్తికరం’ అన్న వాక్యం కింద సాక్షి సంతకం నాదే.

తర్వాత మొహం కడుక్కున్నాకే మిషన్ ముందుకు రావాలని నోటీసు అంటించారు. నల్లాల దగ్గర వరుస పెరిగింది. వరుసలో ముందు నిలబడటానికి కొందరు పని చోటు నుంచి తొందరగా పైకి రావడం మొదలుపెట్టారు. షిఫ్టు మధ్యలో జారుకోవడం అనే నేరం, మిషన్ పుణ్యాన, మా గనిలో నిజంగానే పుట్టింది.

ఆ తర్వాత నేను చేసిన విచారణల్లో ప్రశ్నల వరుస మార్చుకున్నాను. నిందితుణ్ని ఎక్కడ ఉన్నావని అడిగే ముందు, అతను లేడని చెప్పిన సాక్షిని మూడు ప్రశ్నలు అడిగేవాణ్ని, ఆ సాక్షి మిషన్ అయినా సరే. ఏ వేళకు పరీక్షించారు? ఎవరిని చూపి పరీక్షించారు? సరిగ్గా ఉందని ఎవరు సంతకం పెట్టారు? మూడో ప్రశ్నకు జవాబు విచారణాధికారి పేరే అయ్యే అవకాశం ఉంది కనుక, దాన్ని మొదటే అడగడం మంచిదని నా అనుభవం.