నీకెట్ల కావాలె బిడ్డా?

పోయిన శుక్రవారం పొద్దున మా అత్తమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. మరి లేవలేదు. ఎనభై దాటిన మనిషి, ఎవరి చేతా సేవ చేయించుకోకుండా వెళ్లిపోయింది. వచ్చినవాళ్లంతా ఏడ్చారు. ఆమె మాటలు తలచుకుని వాళ్లే మళ్లీ నవ్వారు. మీ ఇళ్లలోనూ అలాంటి పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు.

వాడకట్టులో వాళ్లతో మాట్లాడినట్టే ఆమె దేవుడితోనూ మాట్లాడేది. "సామీ, నిన్న చెప్పిన ముచ్చట యాదున్నదా?" అని పటం ముందు గట్టిగా అడిగేది. నేను పెదవి కదపకుండా మొక్కుకుంటుంటే, "గంత మెల్లగ చెప్తె ఆయనకెట్ల వినవడ్తది?" అనేది.

నలుగురినీ ఇంట్లోనే కన్నానని ఆమెకు మహా గొప్ప. సిద్దిపేటలో మా వీధిలో ఏ కోడలు కడుపుతో ఉన్నా పిలిచి కూర్చోబెట్టేది. "పగటీలి దాక మగ్గానికి కండెలు చుట్టిన. పొద్దుగూకేసరికి కొడుకును కన్న. కిక్కురుమనలే!"

అందుకే నిరుడు తొలి కాన్పుకు వచ్చిన నా కూతురు, వంటింట్లో నా చెవిలో చెప్పింది. "అమ్మా, నాకు నొప్పులంటె మస్తు భయమైతుంది. ఆపరేషన్ చేపిచ్చుకుంట. బాపమ్మకు మాత్రం చెప్పకు." అత్తమ్మకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. దేవుడి మీద భారం వేసి ఊరుకున్నాను.

నెలలు నిండుతుండగా ముగ్గురం దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ చూసి, "అంతా బాగుంది, నార్మల్‌కే చూద్దాం" అంది. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. బయట బెంచీ మీద కూర్చోగానే నా కూతురు చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"నాకు గట్ల వద్దు బాపమ్మా. భయమైతుంది."

అత్తమ్మ మనుమరాలి గదవ పట్టుకుని ముఖం పైకెత్తింది.

"నాకు భయం కాలేదనుకున్నవా? నలుగురిని కనేటప్పుడు చస్తననే అనుకున్న. నన్నెవలన్న అడిగిన్రా? నిన్ను నేనడుగుతున్న. నీకెట్ల కావాలె బిడ్డా?"

అడిగి ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని పిల్లను మళ్లీ లోపలికి తీసుకుపోయింది. "రెండిట్ల మంచీ చెడ్డా చెప్పున్రి డాక్టరమ్మా. ఫైసలా మాత్రం గీ పిల్లదే."

కోత, కుట్లు, కోలుకోవడానికి పట్టే కాలం, రేపటి కాన్పుల సంగతి, నొప్పులు తగ్గించే సూది, అన్నీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. నా కూతురు ఇంటికొచ్చి బాగా ఆలోచించుకుని ఆపరేషనే అంది. ఆ రోజు నుంచి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది.

ఆడపిల్ల పుట్టింది. చూడడానికి వచ్చిన మా ఆడబిడ్డ వార్డులో అడుగు పెడుతూనే, "ఏందవ్వా, నలుగురిని కన్న నీకు గిసొంటి మనుమరాలా? నార్మల్‌కు చాతగాలేదా?" అంది.

"ఓసి, నువ్వు పుట్టేటప్పుడు నేను మొత్తుకుంటె వాడకట్టంత ఉరికొచ్చింది. మీ నాయిన చెప్పులు గూడ ఏసుకోకుండ బయటికి ఉరికిండు. సిగ్గయి ఇన్నొద్దులు చెప్పలే" అంటూ, ఎట్లా మొత్తుకుందో అక్కడే చేసి చూపించింది.

నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, నీ కాళ్లు మొక్కుత, నవ్వియ్యకు. కుట్లు గుంజుతున్నయ్!" అని పక్క మంచం మీది బాలింత బతిమాలింది. వార్డులో ఆడవాళ్లంతా పొట్ట మీద చేతులు అదిమిపెట్టుకుని నవ్వారు. నా కూతురైతే కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వుకు అత్తమ్మ ఒళ్లంతా కదులుతుంటే, ఆమె ఒడిలో పాప మెల్లగా ఊగుతూ నిద్రపోతోంది.