నడిచేవాళ్ల గడి

ప్రాంతీయ రవాణా కార్యాలయంలో ఆమెను అందరూ లెక్కలమ్మ అనేవారు. పల్లె బస్సుల్లో ఎంతమంది ఎక్కారో, ఎక్కడ దిగారో రాసుకురావడమే ఇరవై రెండేళ్లుగా ఆమె ఉద్యోగం. పక్కింటికి చుట్టాలొచ్చినా ఎందరు దిగారో ఠక్కున చెప్పేస్తుందని భర్త వేళాకోళమాడేవాడు.

ఆ ఏడు కొండ దారిలో పట్నానికి వెళ్లే ఉదయం తొమ్మిది గంటల బస్సు రద్దు జాబితాకెక్కింది. సగటున నలుగురే ఎక్కుతున్నారు. ఆ నలుగురినీ లెక్కపెట్టింది ఆమే. చివరిసారి సరిచూసి రమ్మని అధికారి పంపితే, భర్త పొద్దున్నే స్కూటర్ మీద తెచ్చి ఆ బస్సు బయల్దేరే ఊరి చివర కల్వర్టు దగ్గర దింపాడు. అప్పటికే జనం బారులు తీరి పట్నం వైపు నడుస్తున్నారు. అలవాటు ఊరుకోనివ్వక లెక్కపెట్టింది. నలభై ఒక్కమంది.

మోకాలికి గుడ్డ కట్టుకుని కుంటుతున్న ముసలావిడను ఆపి, బస్సుండగా ఈ నడకేమిటని అడిగింది.

"ఆస్పత్రిలో చీటీలు ఎనిమిదిన్నరకే అయిపోతాయమ్మా," అంది ఆవిడ. "బస్సును నమ్ముకుంటే డాక్టరుండడు, డాక్టర్ని నమ్ముకుంటే బస్సుండదు."

లెక్కలమ్మ ఇన్నేళ్లూ బస్సులో కూర్చునే లెక్కపెట్టింది. ఎక్కనివాళ్ల సంగతి ఆమెనెవరూ అడగలేదు, ఆమెకూ తట్టలేదు.

ఆఫీసులో ఇది చెప్పి, బస్సును ఏడింటికి మార్చమంటే, ఫారంలో నడిచేవాళ్లకు గడి లేదన్నాడు అధికారి. ఆమె స్కేలు తెచ్చి ఆయన బల్ల మీదే ఫారంలో కొత్త గడి గీసి, నలభై ఒకటని వేసింది. ఆయన అది చూసి, బస్సు ఏడింటికే బయల్దేరాలంటే ముందురోజు సాయంత్రమే వెళ్లి ఊళ్లో ఆగాలి, డ్రైవరెక్కడ పడుకుంటాడని అడిగాడు. కాదనలేదు, అదే పదివేలనుకుంది.

పంచాయతీ వాళ్లు పాత గ్రంథాలయం గది ఇస్తామన్నారు. డ్రైవరు వచ్చి చూసి, గదికేం బాగానే ఉంది, స్నానాలగదికి తలుపేదన్నాడు. ఆ తలుపు బిగించడానికి పంచాయతీకి రెండు సమావేశాలు పట్టాయి.

ఏడింటి బస్సు మొదలైన నెలలో సగటు ముప్పై ఆరు. వానల్లో ఇరవై ఐదుకు పడింది గాని, రద్దు మాట మళ్లీ రాలేదు.

అయితే బస్సు ఊళ్లోనే ఆగిపోవడంతో, సాయంత్రం పట్నానికి తిరిగివెళ్లే ఆఖరి ట్రిప్పు పోయింది. దాంట్లో నూలుమిల్లు రాత్రి పాళీకి వెళ్లేవాళ్లు ఏడుగురుండేవారు. ఆ కబురు ఆమే వెళ్లి చెప్పింది.

"నలభైమంది ముందు ఏడుగురం ఏపాటి లెండి," అన్నాడు వాళ్లలో ఒకడైన వాచ్‌మన్.

ఆ ఏడుగురికీ బండి పెట్టమని ఆమె మిల్లు మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. అది తన ఉద్యోగం కాదని అధికారి గుర్తుచేస్తే, సెలవు పెట్టి తిరిగింది. నాలుగు నెలలకు మిల్లు వాళ్లు ఒక వ్యాను పంపడానికి ఒప్పుకున్నారు. అన్నాళ్లూ సైకిలు తొక్కిన వాచ్‌మన్, ఆమె ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. వ్యాను వచ్చాక మాత్రం ఆగి పలకరించాడు.

"ఏడుగురికి ఐదు సీట్లే ఉన్నాయి," అన్నాడు. "అదీ రాసుకోండి."

ఆమె రాసుకుంది.