ఆమె రాయని పేరు

మా టీచరమ్మ ఇక లేదన్న సంగతి నాకు ఎవరూ సూటిగా చెప్పలేదు. కూరగాయలు తీసుకుని మార్కెట్ నుంచి వస్తుంటే మా గల్లీ మొదట్లో ఆటో ఆపుకున్న డ్రైవర్, "అవ్వా, జర పైలంగ పో. టీచరమ్మ ఇంటి ముందట మంది ఉన్నరు" అన్నాడు. మంది ఎందుకున్నారని నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. చేతిలో సంచి అతని ఆటోలోనే పెట్టి పోయాను. సాయంత్రం అతనే తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. టమాటాలు చితికిపోయి ఉన్నాయి.

ఆమె బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పుట్టింది జనగామ వైపు. ఉద్యోగం చివరికి మహబూబాబాద్‌లో ముగిశాక మా గల్లీలోనే ఇల్లు కట్టుకుంది. కథలు రాసేది, పుస్తకం కూడా అచ్చయింది. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. ఆమె రాత గురించి రాయడానికి ఈమె ఎవరు అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ ఆమె వాడిన ఒక మాట గురించి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

నేను పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వస్తాను. ఫోన్ మోగితే ముందు కాళ్లు వణుకుతాయి, తర్వాత హలో అంటాను. అందరూ నవ్వుతారు. ఆమె నవ్వేది కాదు. "నీ భయం నేను తియ్యలేనక్కా. కాని నవ్వ" అనేది. నాకు గుండెల్లో గుబులు పుట్టినప్పుడు పక్కన వచ్చి కూర్చుని, "ఇప్పుడు నోట్లెకు ఏ మాట వస్తుంది, గదే చెప్పు" అని అడిగేది. నాడి పట్టి చూసినట్టు ఉండేది ఆ అడగడం.

ఆమె కథ రాసే పద్ధతి నేను దగ్గర నుంచి చూశాను. మధ్యాహ్నం పూట నేను చింతపండు గింజ తీస్తుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఒక్క గింజ తీయదు, పైగా మధ్యలో ఓ రెబ్బ నోట్లో వేసుకునేది. రాసుకొచ్చిన కథలో ఒక ముసలామె అనే వాక్యం చదివి, "ఈ మాట ఆ ముసలామె నోట్లె పడుతదా?" అనేది. పడదంటే అప్పటికప్పుడే కొట్టేసేది. "పడుతది గని, కోపంల ఉన్నప్పుడు పడది" అని నేనంటే చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయేది. మాటను కాగితం మీద పెట్టేముందు మనిషి నోట్లో పెట్టి చూడాలని ఆమె అభిప్రాయం. బడిలో పిల్లలకూ అదే చెప్పేదట.

ఇప్పుడు ఆ మాట సంగతి.

అప్పుడు నా బిడ్డ చిన్నది. మక్కచేనులో నా వెనకే ఆడుకుంటూ కెవ్వుమంది. కాలి మీద పంటి గాట్లు చూసి నేను దాన్ని భుజాన వేసుకుని రోడ్డు మీదికి ఉరికాను. కనపడిన వాళ్లందరితో ఒకటే మాట, "నా బిడ్డకు పురుగు ముట్టింది." మా దిక్కున అట్లాగే అంటారు. పుట్టలో ఉండేదాన్ని, పడగ ఎత్తేదాన్ని భయమున్న చోట అసలు పేరుతో అనరు. పేరు ఎత్తితే పిలిచినట్టే, అందులోనూ పొద్దుగూకాక. కరిచిందని కూడా అనరు, ముట్టింది అంటారు. దవాఖానలో డాక్టర్ అడిగినా నేను పురుగనే అన్నాను. బిడ్డ బతికింది. బతికించింది సూది అని నాకు తెలుసు. ఆ పేరు నేను ఎత్తకపోవడం వల్ల కూడా బతికిందని లోపల ఒక మూల నమ్మకం. ఆనాటి నుంచి ఆ పేరు పలకలేదు. ఇక్కడా రాయను. బిడ్డ ఇప్పుడు భూపాలపల్లి దిక్కు కాపురం ఉంది. ఎండాకాలం బీడీల తునికాకు తెంపడానికి అడవికి పోతుంది. అది ఇల్లు చేరి ఫోన్ చేసేదాకా నాకు ముద్ద దిగదు. ఆ ఎదురుచూపులో ఏటా టీచరమ్మ నా పక్కనే కూర్చునేది. ఏదో పేపర్ చదువుతున్నట్టు ఉండేది గానీ పేజీ తిప్పేది కాదు.

ఈ సంగతినే ఆమె కథగా రాసింది. మొదటిసారి రాసినప్పుడు అసలు పేరే పెట్టింది. అది ఆమె చదివి వినిపిస్తుంటే నేను రెండు చేతులతో చెవులు మూసుకున్నాను.

"ఏందక్కా?"

"గా పేరు పెట్టకు. నా బిడ్డ అడవిల ఉన్నది."

"కథల పేరు పెడితే అడవిల ఏమైతది?"

"ఏం కాదని నువ్వు కాయితం మీద రాసిస్తవా?"

ఆమె కాసేపు నా మొహం చూసింది. "ఇయ్యలేను" అని పేరు కొట్టేసింది. కథ మొత్తంలో తల్లి మాటల్లోనూ పురుగే, తన మాటల్లోనూ పురుగే. "నువ్వు అనంది నేనెట్ల రాస్తనక్కా. ఈ కథల ఆ పేరు ఎన్నడు ఉండది" అని మాటిచ్చింది.

ఆమె పోయాక కూతురు ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయిస్తోంది. ఈ కథను కాలేజీ పిల్లలతో చదివించాలని ఒక లెక్చరర్ సారు అనుకున్నారు. ఆయన టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడే. సంతాప సభకు ముందురోజు కూతురు మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, సారు ఆ మాట మార్చుదామంటున్నరు. అమ్మ ఎందుకు వాడిందో నువ్వే వచ్చి చెప్పాలె" అంది. మైకు ముందు నిలబడటం ఒక భయం. నిలబడకపోతే ఆ పేరు నా బిడ్డ కథలో అచ్చవుతుంది, అది ఇంకో భయం. పెద్ద భయమే నన్ను లేవదీసి తీసుకుపోయింది.

సభ సాయంత్రం కాలేజీలో పెట్టారు, ముందు వరసలన్నీ అమ్మాయిలే. కిటికీలోంచి చూస్తే పొద్దు వాలుతోంది. సారు మర్యాదగానే అడిగారు.

"అవ్వా, పిల్లల కోసమే అడుగుతున్న. పట్నంల చదివేటోడు పురుగంటే మిడత అనుకుంటడు. అదేందో ఒక్కసారి మీ నోటితోని చెప్పుండ్రి."

"గదే సారు."

"గదే అంటే?"

"పొడుగుది."

అమ్మాయిలు కిసుక్కుమన్నారు. సారు కూడా నవ్వు ఆపుకుంటూ, "దాని పేరు చెప్పుండ్రవ్వా" అన్నారు.

"నీకు తెల్వదా సారు, నన్నెందుకు సతాయిస్తవు. పొద్దుగూకింది. నా బిడ్డ అడవి పక్కనుంటది. నేను చెప్ప."

నవ్వులు సన్నబడ్డాయి. నేను బల్ల పట్టుకున్నాను. టీచరమ్మ ఉంటే, నోట్లోకి ఏ మాట వస్తే అదే చెప్పమనేది. అదే చెప్పాను.

"టీచరమ్మ ఇంకో కథల ఒకామె ఉంటది సారు. ఇంట్ల గింజ ఉండది. మొదలు మొగనితోని బియ్యం నిండుకున్నయి అంటది. మనందరం గట్లనే అంటం, లేవంటే నిజంగనే లేకుంట పోతయని. కథ ఆఖరుకు అదే ఆమె గడపల నిలవడి, బియ్యం లేవు అంటది. ఏడ్వది, తిట్టది. ఆ ఒక్క మాటతోని ఆమెకు ఇంక భయం లేదని మనకెరుకైతది. పోగొట్టుకునేటిది ఏం మిగల్లేదు ఆమెకు. ఈ కథల తల్లికి బిడ్డ ఇంకా భుజం మీదనే ఉన్నది. పానం ఉన్నది. ఆమెతోని ఆ పేరు అనిపిస్తే బిడ్డ మీద ఆశ ఇడిచిపెట్టినట్టే. టీచరమ్మ ఆశ ఇడిపియ్యలే."

సారు పెన్ను తీసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత, "సరే అవ్వా, మాట అట్లనే ఉంచుదం. పేజీ అడుగున చిన్న అక్షరాలల్ల అర్థం ఇస్తం" అన్నారు.

నేను బల్ల వదల్లేదు. "అడుగున రాసినా పేరు పేరే గద సారు."

"మరి తెల్వనోళ్లు ఎట్ల?"

"అడుగుతరు. ఎవలో ఒకలు చెప్తరు, పొద్దటి పూట."

ఈసారి నవ్వింది సారే. టీచరమ్మ కూతురు లేచి నిలబడింది. "అడుగున కూడ వద్దు సార్. అమ్మ మాటిచ్చింది" అంది. సారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "మీ అమ్మ మాట నేను బడిల ఉన్నప్పుడే కాదనలేదు" అని, పిల్లల వైపు తిరిగి, "ఇంటికి పోయి మీ అమ్మమ్మలను అడుగుండ్రి" అన్నారు.

నా భయాలు తీరాయని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చే ఎండాకాలం ఫోన్ కోసం కూర్చున్నప్పుడు నా పక్కన పేజీ తిప్పకుండా పేపర్ పట్టుకునే మనిషి లేదు. నా భయానికి కూడా కథలో చోటిచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

సభ అయ్యేసరికి చీకటి పడింది. కాలేజీ గేటు నుంచి రోడ్డు దాకా కాలిబాట, వానలకు రెండు పక్కలా గడ్డి మోకాళ్ల దాకా లేచింది. టీచరమ్మ కూతురు నా చేయి పట్టుకుంది. మా ముందు అమ్మాయిలు ఫోన్ల వెలుగు నేల మీద వేసుకుంటూ నడుస్తున్నారు. గడ్డి దగ్గరికి వచ్చేసరికి అందరికన్నా ముందున్న అమ్మాయి కాలు గట్టిగా నేలకేసి కొడుతూ నడవడం మొదలుపెట్టింది. ఆ వెనకున్న పిల్ల కూడా కొట్టింది. తర్వాత అందరూ. ఎందుకని ఒక్కరూ అనలేదు. ఆటోలు ఆగే దాకా ఆ గడ్డి మధ్య అంతమంది ఆడపిల్లల కాళ్లు దబదబా నేలను తడుతూనే ఉన్నాయి.