మామిడితోట మీద జామీను

మొన్న ఆదివారం మైలవరం దగ్గర ఒక పల్లెలో పెద్దకర్మకు వెళ్లివచ్చాను. ఈ మోకాళ్లతో బస్సు ప్రయాణమేమిటని మా కోడలు గొణుగుతూనే ఉంది గానీ, ఆ ఇల్లాలు పోయిందని తెలిశాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. షామియానా కింద దండ వేసిన ఆవిడ ఫోటో ఎదురుగా కూర్చుంటే, నేను నల్లకోటు వేసుకున్న కొత్త రోజులన్నీ కళ్లముందు తిరిగాయి. నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా, ఎక్కడో దూరాన ఏ మహానగరంలోనో బాంబు పేలిందని టీవీలో చెబితే చాలు, తెల్లారేసరికి ఇక్కడ మన ముస్లిముల పేటల్లో పోలీసు జీపులు దిగేవి.

అప్పట్లో బెజవాడలో నేను జూనియరుగా చేరిన సీనియర్ గారు హక్కుల సంఘంలో తిరిగే మనిషి. ఫీజు ఇచ్చే పార్టీలు వరండాలో నిలబడి ఉంటే, ఇవ్వలేనివాళ్లు ఆయన కుర్చీ పక్కన కూర్చుని కాఫీ తాగుతుండేవారు. అలా వచ్చిందే ఆ పల్లెలో బోరు మోటార్లు బాగుచేసే ముస్లిం కుర్రాడి కేసు. ఏదో రహస్య సమావేశానికి వెళ్లాడని పట్టుకుపోయారు. ఆ కుర్రాడికి తెలిసిన సమావేశమల్లా కాలిపోయిన మోటారు చుట్టూ మూగిన రైతులే! నెలల తరబడి తిరిగితే చివరికి బెయిలు వచ్చింది. వచ్చి ఏం లాభం? ఆస్తి ఉన్న ఇద్దరు స్థానికులు జామీను నిలబడాలన్నారు. కొండపల్లిలో పెంకుటిల్లున్న మేనమామ ఒకడు ముందుకొచ్చాడు, రెండోవాడు దొరకలేదు. లాయర్లు తమ కక్షిదారుకు జామీను ఉండకూడదు, లేకపోతే మా సీనియర్ గారు తన ఇల్లే రాసిచ్చి ఉండేవారు.

ఈలోగా కుర్రాడి తండ్రి మంచం పట్టాడు. ఆయనకు బతుకు మీద ఆశ ఎప్పుడో పోయింది, కొడుకును ఒక్కసారి చూడాలని, తన గోరీ మీద కొడుకు చేతి మట్టి పడాలని, అంతే. ఆ తల్లి వచ్చి మా ఆఫీసు గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే నాకు అన్నం సహించేది కాదు.

నేనే బయల్దేరి ఆ పల్లెలో ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఆ కుర్రాడు చుట్టిన మోటారే నీళ్లు తోడుతోంది, ప్రతి ఇంట్లోనూ వాడు బంగారమన్నారు, మజ్జిగ ఇచ్చారు, సంతకం మాట ఎత్తేసరికి మాత్రం తలలు దించుకున్నారు. రేపు జీపు మా గుమ్మంలో ఆగితే ఎవరు దిక్కమ్మా, ఏమనుకోకు తల్లీ అంటూ వీధి చివరిదాకా వచ్చి సాగనంపారు. ఒళ్లు మండిపోయిందనుకోండి, అయినా వాళ్లనని ఏం లాభం, జీపంటే నాకు మాత్రం భయం లేదా! మొన్న పోయిన ఈవిడ భర్త కూడా అలా కాదన్నవాళ్లలో ఒకరే. అప్పుడు ఈవిడ తలుపు చాటున నిలబడి వింటోంది.

మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది, ఒక్కతే, చేతిసంచిలో పాసుపుస్తకం పెట్టుకుని. “మా పుట్టింటోళ్లు పసుపుకుంకాల కింద రాసిచ్చిన తోటండీ. ఎకరం మామిడి. నా పేరునే ఉంది, ఆయన్నడిగే పనిలేదు” అంది. మా సీనియర్ గారు లేచి నిలబడి ఆవిడకు కుర్చీ వేశారు.

కోర్టులో జడ్జిగారు ముద్దాయి నీకేమవుతాడమ్మా అని అడిగారు. జామీనుకు వచ్చినవాళ్లని మామూలుగా అడిగే మాటే. “ఏమీ అవడండీ. మా ఊరి పిల్లోడు. ఎక్కడికీ పారిపోడండీ” అంది, అదేదో రోజూ కోర్టుకొచ్చే మనిషిలా. ఆయన ఒక్క క్షణం ఆవిడ వంక చూసి సంతకం పెట్టారు.

కానీ ఆ కాగితం జైలుకు చేరేసరికి సాయంత్రం లాకప్ అయిపోయింది, ఇక తెల్లారేదాకా ఎవరినీ బయటికి వదలరు. ఆ రాత్రే తండ్రి కన్నుమూశాడు. తెల్లారి కుర్రాడు విడుదలై, మధ్యాహ్నం నమాజు దాకా ఆపిన జనాజాను అందుకుని, తండ్రి గోరీలో మట్టి వేశాడు. బతికుండగా చూపించలేకపోయామే అన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. తర్వాత జీపు జామీను నిలబడిన ఆవిడ ఇంటికి నిజంగానే వచ్చింది, ఆమె భర్త ఒక పంటకాలం పాటు ఆవిడతో మాట్లాడలేదట. కేసు ఏళ్ల తర్వాత కొట్టేశారు.

ఇదంతా మొన్న పెద్దకర్మలో నలుగురికీ చెబుదామనే వెళ్లాను. అలాంటి మనిషి గురించి చెప్పకపోతే ఎలా! భోజనాలకు ముందు నేను మైకు దగ్గరికి కదలబోతుంటే ఆవిడ మనవడు, చదువుకున్న కుర్రాడు, ఎంతో మర్యాదగా చెయ్యిపట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. “మేడం, ఆ జామీను సంగతి ఇక్కడ ఎత్తకండి, ప్లీజ్. మామ్మ తెలియక చేసింది. ఇప్పుడు ఊళ్లో మా పరువు పోతుందండీ” అన్నాడు.

తెలియక చేసిందట! మైకు వైపు పోకుండా వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. వాళ్ల తాతగారు ఆనాడు పోలీసులకు భయపడ్డారు, ఆ భయం నాకు అర్థమైంది, మజ్జిగ తాగి వచ్చేశాను. ఈ పిల్లవాడి ఇంటికి ఏ జీపూ రాలేదు, ఎవరూ ఏమీ అనలేదు, అయినా వాళ్ల మామ్మ చేసిన మంచిపనికి తలవంపులుగా ఉంది వాడికి. మన రోజుల్లో కాదన్నవాళ్లు కూడా మన మొహం చూడలేక తల దించుకునేవారు కదా. మొన్న ఆ షామియానా కింద తల దించుకుని భోంచేసింది నేను.