పండుకుని చూసి కొన్న బండి

ఆ రోజుల్లో మా ఊళ్లో కారు అంటే కూర్చునేది కాదు, పడుకునేది. నవ్వకండి. తమిళనాట విళాత్తికుళం దాటి నల్లరేగడిలో నాలుగు మలుపులు తిరిగితే (వాన పడితే తిరగలేరు, అది వేరే కథ) వచ్చే మా ఊరికి బస్సుంది, ఇంటింటికీ టూవీలరుంది. కానీ కూర్చోలేని మనిషిని మోసుకుపోవడానికి ఉన్నది ఒక్క మా నాయన పాత కారే. వెనకసీటు మడిస్తే డిక్కీతో కలిసిపోయి చిన్న గదంత చోటయ్యేది. విరుదునగర్ మార్కెట్టుకి మిరపబస్తాలు వేసుకుపోవడానికని నాయన దాన్ని కొన్నాడు. ఊరు మాత్రం కాన్పులకి, పాముకాట్లకి, చివరికి ఆసుపత్రిలో పోయినవాళ్లని ఇంటికి తెచ్చుకోవడానికి వాడుకుంది. బాడుగ కార్లవాళ్లు శవాన్ని ఎక్కించుకోరు కదా, నాయన ఎవరినీ కాదనేవాడు కాదు. అయితే సీట్ల సందుల్లో ఏళ్లతరబడి పేరుకున్న మిరపపొడి ఒకటుండేది. శవం వెంట వచ్చినవాళ్లు దగ్గరి చుట్టమైనా, దూరపు చుట్టమైనా, ఊరు చేరేసరికి కళ్లూ ముక్కూ ధారలుగా కారుతూ దిగేవాళ్లు. అలా దిగిన ఒక కోడలికి, అత్తని ప్రాణంగా చూసుకుందన్న మంచిపేరు ఇప్పటికీ నిలిచి ఉంది. (ఆ అత్తాకోడళ్ల సంగతి తెలిసినవాళ్లం మేం నోరు విప్పలేదు.)

చివరికి ఆ బండి వెనకభాగం నాయనకే అవసరమైంది. కిడ్నీలు చెడిపోయి, విరుదునగర్ ఆసుపత్రికి రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారంవారం పోవలసి వచ్చింది. వచ్చేటప్పుడు కూర్చోలేడు, పడుకోబెట్టి తేవాలి. ఇంట్లో లైసెన్సున్నది నాకే. కోవిల్‌పట్టిలో ఒక కడలైమిఠాయి (అదే, వేరుశనగ చిక్కీ) కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం అప్పుడే దొరికింది, వయసు ఇరవైమూడు, లోకంలో నాకు తెలియనిది లేదు. ఒకరోజు సాత్తూరు దగ్గర మిటమిటలాడే ఎండలో బండి ఒక్క దగ్గు దగ్గి ప్రాణం విడిచింది. నాయన్ని అరటిగెలలు వేసుకుపోయే చిన్న లారీలో, గెలల మధ్యన పడుకోబెట్టి ఇల్లు చేర్చాను. "మిరపగాయల కన్నా అరటిగెలలు మేలు పాపా, మెత్తగా ఉండాది" అన్నాడాయన. నేను నవ్వలేదు. కోవిల్‌పట్టి మెకానిక్కు ఇంజను విప్పి చూసి, వైద్యుడిలా తల అడ్డంగా ఊపాడు.

అసలు వైద్యుడు అంతకు ముందు వారమే తల ఊపి ఉన్నాడు. గుండె కూడా బలహీనపడిందనీ, ఎక్కువ రోజులు ఆశపెట్టుకోవద్దనీ ఆసుపత్రి వసారాలో నాతోనూ మా మేనమామతోనూ చెప్పాడు. నాయనకి తెలియనివ్వకూడదని మేమిద్దరం ఒట్టేసుకున్నాం. మా మామని ఊళ్లో హారన్ మామ అంటారు. బండిలో ఆయనకి తెలిసిన ఏకైక భాగం అదే. ఎవరు బండి కొన్నా వెంట వెళ్లి హారన్ నొక్కి తీర్పు చెప్పేవాడు.

ఇంక బండి మార్చాలి, అదీ ఆలస్యం లేకుండా. నేను బస్టాండు అంగట్లో కార్ల పత్రిక కొని రాత్రింబవళ్లు చదివి ఒక నిర్ణయానికొచ్చాను: చిన్న కారు, మైలేజి బాగా ఇచ్చేది, ఎరుపు రంగుది. నాయన సీటు వాల్చుకుని పడుకుంటాడు, మిగతా రోజుల్లో నేను ఆఫీసుకి పోతాను. నా తర్కంలో నాకు లోపమేమీ కనిపించలేదు. నాయన మాత్రం "నేను కూడా వస్తా. పండుకుని చూడకుండా వండి కొనేది లేదు" అని మొండికేశాడు. (బండిని మావాళ్లు వండి అంటారు.)

విరుదునగర్ బైపాసు పక్కన పాత కార్లు అమ్మే షెడ్డు. తెల్లచొక్కా, నొసట విబూది, గుండ్రటి మనిషి యజమాని. అప్పుడే సాంబ్రాణి పొగ వేసి, మొదటి బేరం కోసం నవ్వుమొగంతో నిలబడి ఉన్నాడు. నేను ముందే మనసుపడ్డ ఎర్రకారు దగ్గరికి నడిపించాను. నాయన వంగి చూసి, "దీంట్లో యాడ పండుకునేది? గుడ్డులో కోడిపిల్ల మాదిరి మడుచుకోవాల్నా?" అన్నాడు. తర్వాత చెప్పులు విడిచి, వరసలో ఉన్న పెద్ద కార్లన్నిటిలోనూ వెనకవైపు ఎక్కి, వెల్లకిలా పడుకుని, చేతులు గుండెమీద పెట్టుకుని కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు. "నొసట రూపాయి బిళ్ల ఒకటే తక్కువ" అని మామ గొణిగాడు. యజమాని నవ్వు ఆరిపోయింది. అయ్యా, బోణీ కాలేదు, పొద్దున్నే నా బండ్లలో ఇలా పడుకుంటే ఇంక ఎవరు కొంటారు అని తమిళంలో బతిమాలాడు. అప్పుడు మేం చేసిన పని, తమిళనాట పుట్టిన తెలుగువాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసేదే: ఎదుటివాడికి అర్థం కాదన్న ధీమాతో, అతని ముందరే నిలబడి తెలుగులో తిట్టుకున్నాం. "వీడు బొంకులోడు మాదిరి ఉండాడు బావా" అన్నాడు మామ. "పైన రంగు, లోపల తుప్పు. బండి సంగతి కాదు, ఆయన సంగతి చెప్తాండా" అన్నాను నేను. యజమాని మర్యాదగా తల ఆడించాడు.

చివరికి నాయన ఒక బండి ఎంచి, "నేను పండుకునే ఉంటా, ఒక సుట్టు తిప్పమను. ఎంత అదురుతాదో చూడాల" అన్నాడు. యజమాని దేవుళ్లందరినీ తలుచుకుని స్టీరింగు పట్టాడు. నేను పక్కన, మామ వెనక నాయన పాదాల దగ్గర దిగాలుగా. బైపాసు మీద మమ్మల్ని చూసి టీకొట్టు దగ్గరివాళ్లు లేచి నిలబడ్డారు. సిగ్నలు దగ్గర ఒక స్కూటరాయన చెప్పులు విడిచి, అద్దంలోంచి నాయన్ని చూసి దణ్ణం పెట్టాడు. నాయన ఒక కన్ను తెరిచి, మీ వైపు వానలెలా ఉన్నాయని తమిళంలో అడిగాడు. పాపం, ఆ మనిషి స్కూటరు అక్కడే పడేసి పరుగెత్తాడు. సిగ్నలు పచ్చగా మారేదాకా మామ నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ నవ్వులోనే నాయన మొదలుపెట్టాడు. "పాపా, వాడికి అర్తం కాదులే, చెప్తా విను. నువ్వూ మీ మామా దాస్తాండారు గాని, డాక్టరు మొగం చూస్తే నాకు తెలవదా? నేను ఆస్పత్రిలో పోతే, బాడుగ వండి కోసం మీరు ఎవరి కాళ్లూ పట్టుకోవద్దు. ఊరోళ్లనందరినీ మన వండిలో ఇంటికి తెచ్చినా. నన్ను నువ్వు తేవాల. చిన్న వండి కొంటే నన్ను కూసోబెట్టి తెస్తావా?"

మామ నవ్వడం మానేసి నాయన పాదాల మీద చెయ్యి వేశాడు. "అట్ల మాట్లాడొద్దు నాయనా" అన్నాను. "మాట్లాడకుంటే వండి పొడుగు ఎట్ల తెలుస్తాది?" అన్నాడు.

యజమాని బండి పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగి, మా తెలుగులోనే, మా యాసలోనే అన్నాడు: "అయ్యా, ఈ వండి మీకొద్దు. రోడ్డు మీదికన్నా మెకానిక్కు దగ్గర ఎక్కువ ఉంటాది. పొద్దన్నించి మీరు నన్ను తిట్టినవన్నీ అర్తమయినాయి, దాని సంగతి మళ్లా చూసుకుంటాము. మా ఊరు ఏళాయిరంపన్నై పక్కన. టపాసుల షెడ్డు కాలినప్పుడు, దాంట్లో పోయిన మా చెల్లెల్ని పండబెట్టి తెచ్చేదానికి ఒక్కడు వండి ఇయ్యలేదు. ఆటోలో నా మీదికి ఆనించుకుని కూసోబెట్టి తెచ్చినా. రండి, ఇంకోటి చూపిస్తా."

షెడ్డు వెనక, గోనెపట్టా కింద, బూడిదరంగు పొడుగుబండి. తన సొంతానికి ఉంచుకున్నదట. పత్రికల్లో పొగిడేంత అందమేమీ లేదు. కానీ డీజిలు, తక్కువ తాగుతుంది, ఏ నట్టు ఊడినా ఎట్టయాపురంలోనే దొరుకుతుంది, పల్లెటూరి మెకానిక్కులందరికీ దాని గుట్టు తెలుసు. మెల్లగా నడిపితే లీటరుకి ఇరవై ఇస్తాదని ఆయన ఒట్టేశాడు. నాయన పడుకున్నాడు. పాదాలకీ తలుపుకీ మధ్య జానెడు చోటు మిగిలింది. అరచేత్తో బండి నేలమీద రెండు దెబ్బలు కొట్టి "సరి" అన్నాడు. హారన్ మామ తన వంతు తీర్పుకి వెళ్లి మొగం వేలాడేసుకుని వచ్చాడు. "హారన్ పని చెయ్యలేదు బావా." నాయన లేవకుండానే అన్నాడు, "నాకెందుకురా హారను? వాళ్లే దారి ఇస్తారు." బండి మాదైంది. తిట్లకి క్షమాపణగా మామ ఆ యజమానికి ఒక బస్తా మిరపకాయలు పంపించాడు.

ఆ బండిలో నాయన చాలాసార్లు పోయొచ్చాడు. నేను గేరు మార్చినప్పుడల్లా వెనకనించి "మెల్లగా, మెల్లగా" అనేవాడు. నేను ఆఫీసు ఆలస్యమవుతుందని తొక్కేదాన్ని. ఇరవై అన్నది ఏనాడూ ఇవ్వలేదు, యజమాని బొంకాడనే అనుకున్నాను. ఎండాకాలం చివర్లో, నాయన అన్నట్టే, ఆసుపత్రిలోనే పోయాడు. నేనే ఇంటికి తెచ్చాను. మామ పక్కన కూర్చున్నాడు, కొత్తగా బిగించిన హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. సాత్తూరులో దారిచ్చారు, కోవిల్‌పట్టిలో దారిచ్చారు, ఎట్టయాపురంలో టీకొట్టువాళ్లు లేచి నిలబడ్డారు. ఆ రోజు మెల్లగా అనేవాళ్లెవరూ లేకపోయినా నేను ఎంత మెల్లగా నడిపానంటే, ఆ బండి మొట్టమొదటిసారి ఇరవై ఇచ్చింది. ఇంటిముందు దిగేసరికి నా కళ్లూ ముక్కూ ధారలుగా కారుతున్నాయి. "మిరపపొడి ఘాటు" అని పక్కింటి అవ్వ అలవాటుకొద్దీ అంది. ఆ బండిలో అప్పటిదాకా ఒక్క మిరపకాయ ఎక్కించలేదు.

ఇన్నేళ్లకి మొన్న దానికీ కాలం తీరింది. (అప్పటిదాకా ఎంతమందిని తెచ్చిందో ఊరినే అడగండి.) మా అమ్మాయి ఫోనులో కరెంటు కార్లు చూపిస్తూ నన్ను విరుదునగర్ షోరూముకి తీసుకుపోయింది. చల్లటి గాలి, అద్దాల గోడలు, టై కట్టుకున్న మనుషులు. వెనకసీట్లు మడవమన్నాను. చెప్పులు విడిచి, ఎక్కి, వెల్లకిలా పడుకున్నాను. టై కట్టుకున్నవాళ్లందరూ చుట్టూ మూగారు. నాయన అన్నన్నిసార్లు చూసిన దృశ్యం ఇదన్నమాట: పైన బండి కప్పు, అవతల ఇంత ఆకాశం. పాదాలకీ తలుపుకీ మధ్య జానెడు చోటుంది.

"అమ్మా, లెయ్యి, అందరూ చూస్తాండారు. ఆ చిన్నది చూద్దాము, ఎంత బాగుండాదో" అని మా అమ్మాయి మూతి ముడుచుకుంది. ఆ ముడుచుకున్న మూతిని నేనెరుగుదును. ఒకప్పుడు ఎర్రకారు పక్కన నిలబడి, లోకమంతా తెలిసినట్టు నాయనకి మైలేజి పాఠం చెప్పిన నా మూతే అది. నవ్వొచ్చింది. పడుకునే నవ్వి, ఒక సుట్టు తిప్పమని వాళ్లతో చెప్పమన్నాను.