గంట వినిపించినంత మేర

మా ఊరు నోర్‌బీలో ఎవరేం పెట్టినా మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకా గట్టిగా వద్దనాలి. మూడోసారి అడిగితే, "సరే, మీరంతగా అంటున్నారు గనక" అని తీసుకోవాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నార్వే నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ మా వాళ్ళకు అమ్మ పెట్టినా మూడుసార్లు అడగాల్సిందే. మిన్నెసోటా చలికి ఒళ్ళుతో పాటు నాలుకలు కూడా గడ్డకట్టాయేమో! కాఫీ దగ్గర్నుంచి పెళ్ళి సంబంధం దాకా మాకిదే పద్ధతి. ఈ పద్ధతి వల్లే ఆర్డిస్ స్కోగెన్ బతుకు ఎటూ కదలకుండా పోయింది. అందులో నా పాపం కూడా ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

నా పేరు మార్లీస్. మెయిన్ వీధిలో బ్యూటీ పార్లర్ నాది. శనివారం శనివారం నా దగ్గర జుట్టు చుట్టించుకునే ఆడవాళ్ళకు, పోయాక కూడా నేనే చుట్టాలి. ఆ ఆఖరిసారి చుట్టడానికి దువ్వెనా పిన్నులూ పట్టుకుని నాలుగు వీధులు దాటి, చనిపోయినవాళ్ళను ఆఖరి చూపులకు సిద్ధం చేసే స్కోగెన్ల అంత్యక్రియల ఇంటికి వెళ్ళేదాన్ని. ఆర్డిస్ ముఖం సరిచేసేది, నేను జుట్టు సరిచేసేదాన్ని. "ఏమే, పాపిడి ఎడమకేనా?" "ఎడమకే. కుడికి తీశావంటే లేచి కూర్చుని తిడుతుంది." అలా ముప్పై ఏళ్ళు మాట్లాడుకున్నాం.

ఆ ఇంటిని మొదలుపెట్టింది ఆర్డిస్ తాత టోర్వాల్డ్. ఆయన వడ్రంగి. ఉయ్యాలలూ బల్లలూ చేసేవాడు, శవపేటికలూ చేసేవాడు. చలికాలం నేల రాయిలా బిగుసుకుపోయి గునపం దిగదు కదా, మంచు కరిగేదాకా శవాన్ని ఎక్కడుంచాలో తెలియని వాళ్ళు పెట్టెతో పాటు ఆ బాధ్యత కూడా ఆయన నెత్తినే పెట్టారు. అలా 1899లో దుకాణం వెనక గది అంత్యక్రియల ఇల్లయింది. కొడుకు ఎల్మర్ చేతికి అందిరాగానే 'స్కోగెన్ అండ్ సన్స్' అని బోర్డు రాయించారు. ఎల్మర్‌కు పుట్టినవాళ్ళు ఇద్దరూ ఆడపిల్లలే, వెర్నా, ఆర్డిస్. బోర్డు మాత్రం మార్చలేదు. కొత్తవాళ్ళెవరైనా "కొడుకులెక్కడ?" అని అడిగితే ఆర్డిస్, "నేనేనండీ, ఇద్దరూ నేనే" అనేది.

1933 జూలైలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ చెరువు దగ్గరికి షికారు వెళ్ళారు. అప్పటికి ఆర్డిస్‌కు ఏడేళ్ళు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మెట్ల మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గడ్డిబండి. పొద్దున పోయిన భార్యను దుప్పటి చుట్టి తనే తోలుకొచ్చాడట. ఫోన్ మీద ఫోన్ చేశాడట, ఎత్తే నాథుడు లేడు. ఆ ఎండలో, ఆ ఈగల్లో నాలుగు గంటలు. ఆయన ఒక్క మాట తిట్టలేదు. "మీరు పనిలో ఉన్నారేమో అనుకున్నాను" అన్నాడంతే. తిట్టినా బాగుండేది. ఎల్మర్ మర్నాడే ఫోన్‌తో పాటు మోగే పెద్ద గంటొకటి బయటి గోడకు బిగించాడు. ఈ ఇంట్లో ఒక్కరైనా ఆ గంట వినిపించే మేరలో ఉండి తీరాలని పిల్లలిద్దరి చేతా బైబిలు మీద ఒట్టు వేయించాడు.

గంట తూర్పున చర్చి దాకా, పడమర ధాన్యం గోదాముల దాకా, ఉత్తరాన వాగు దాకా, దక్షిణాన నా పార్లర్ దాకా వినిపించేది. వెర్నా తెలివైనది. ఇరవై ఏళ్ళకే ఒక చేపల పడవ వాణ్ణి చేసుకుని ఆరెగన్ సముద్రతీరానికి ఎగిరిపోయింది. ఒకరు ఎగిరిపోతే రెండోవాళ్ళకు కదలడానికి లేదు. మినియాపొలిస్‌లో ఈ పనికి కావలసిన చదువు చదివిన ఏడాది తప్ప ఆర్డిస్ ఆ గంట దాటి ఎరగదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే పంతులొకాయన ఆమెను పక్క ఊరికి సినిమాకు రమ్మన్నాడు. పద్ధతి ప్రకారం మూడుసార్లూ అడిగాడు పాపం. మూడోసారి కూడా ఆమె, "అక్కడికి గంట వినపడదండీ" అంది. ఆయన పక్క ఊరి పిల్లనే చేసుకున్నాడు.

తండ్రి పోయాక మొత్తం ఆమె మీదే పడింది. దానికి తోడు ఊరంతా ఆమె చేత మాట తీసుకునేది. చర్చి మెట్ల మీద, కూరగాయల కొట్లో, చివరికి నా పార్లర్ కుర్చీలో తల తడిగా ఉండగా కూడా. "ఆర్డిస్, నేను పోతే నాకు నువ్వే చెయ్యాలమ్మా. బయటివాళ్ళ చేతుల్లో పెట్టకు." కాదనడం ఎట్లా? తలూపేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ మాట తీసుకున్నాను. "నా నోరు కాస్త తెరిచినట్టే ఉంచవే, మూసేస్తే నన్నెవరూ గుర్తుపట్టరు" అన్నాను. పడీ పడీ నవ్వి, సరేనంది. తలూపిన ప్రతిసారీ ఆమె మెడకు ఇంకో తాడు పడుతోందని నాకు తోచనే లేదు.

అరవై ఒకటో ఏట ఆమెకు నడుం పట్టేయడం మొదలైంది. అప్పటికి వెర్నా భర్త పోయాడు. తన ఇంట్లో ఒక గది ఖాళీ చేసి ఫోటో పంపింది. పసుపుపచ్చ దుప్పటి వేసిన మంచం, కిటికీలోంచి సముద్రం. ఆర్డిస్ ఆ ఫోటోను అద్దం అంచున గుచ్చుకుంది.

"అక్కడ రాత్రంతా సముద్రం మోగుతూనే ఉంటుందట మార్లీస్. దాన్ని ఎవరూ ఎత్తి 'హలో' అనక్కర్లేదట" అంది.

అప్పుడే ఒక పెద్ద కంపెనీ మా చుట్టుపక్కల ఇలాంటి అంత్యక్రియల ఇళ్ళు కొంటోందని తెలిసింది. వాళ్ళ మనిషి సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వస్తానన్నాడు.

"నువ్వూ పక్కనుండవే. నాకు కాళ్ళాడవు" అంది ఆర్డిస్.

"అమ్మేస్తావా నిజంగా?"

"అమ్మేస్తానే. ఇక్కడుంటే నేనూ ఆ వెనక గదిలో సామానులా ఉండిపోతాను. పొద్దున లేస్తూనే ఊపిరాడటం లేదు."

ఇది వెళ్ళిపోతే నాకెవరు అన్నదే నా తలలో తిరుగుతోంది.

వచ్చినవాడి పేరు ప్రెస్కాట్. టెక్సాస్ వాడు. ముప్పై దాటని వయసు, మంచి మర్యాదస్థుడు. బాదం కేకు పెట్టి "తీసుకోండి" అనగానే తీసుకున్నాడు. అనగానే! అక్కడే మాకు బుర్ర వెలగాల్సింది.

"ఆర్డిస్ గారూ, సూటిగా అడుగుతున్నాను. ఈ ఇల్లు మా చేతికిస్తారా?"

ఆర్డిస్ పొద్దున్నే మంచి కలం వెతికి సాసరు పక్కన పెట్టుకుంది. దాని మీద చెయ్యి వేసి, "అబ్బే, ఈ పాతకొంప మీకేం పనికొస్తుందిలెండి" అంది.

"పాతదైతేనేమండీ, మంచి పేరున్న ఇల్లు. మీకు ఏ ఇబ్బందీ రాకుండా చూసుకుంటాం. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు."

"వద్దులెండి, మీకెందుకంత శ్రమ! మూడు తరాలు నెట్టుకొచ్చాం. ఇంకా నెట్టుకొస్తాం."

రెండయ్యాయి. ఆర్డిస్ వీపు నిటారుగా పెట్టుకుని మూడోదాని కోసం కూర్చుంది. చెంపలు ఎర్రబడ్డాయి. ప్రెస్కాట్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి గోడమీది టోర్వాల్డ్ ఫోటో వైపు చూశాడు.

మా ఊళ్ళో ఇలాంటప్పుడు పక్కన మూడో మనిషి ఉంటే వాళ్ళొక మాట అందుకోవాలి. "ఇంకోసారి అడగండి బాబూ, ఒప్పుకుంటుంది" అనో, "ఎందుకే బెట్టు, సరేననవే" అనో. నన్ను పక్కనుండమన్నది అందుకే. ఆర్డిస్ నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా అర్థమైంది. నేను కాఫీ కూజా ఎత్తుకుని, "ఇప్పుడే నింపుకొస్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన సంచీ మూసేశాడు.

"అర్థమైందండీ. ఇంత చరిత్ర ఉన్న ఇల్లు మరి. ఇక మిమ్మల్ని విసిగించను. కేకు చాలా బాగుంది" అన్నాడు.

ఆర్డిస్ గుమ్మం దాకా సాగనంపింది. చెయ్యి కూడా ఊపింది. కారు గోదాముల మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, "మళ్ళీ వస్తాడు కదూ?" అని అడిగింది.

"వస్తాడులే" అన్నాను.

రాలేదు. తనే ఫోన్ చేసి "అమ్ముతాను బాబూ" అనొచ్చు కదా అంటారు. వద్దన్న దాన్ని మళ్ళీ పోయి అడగడం మా వాళ్ళలో బట్టల్లేకుండా వీధిలోకి రావడం లాంటిది. క్రిస్మస్ నాటికి ఆ కంపెనీ జిల్లాలో ఇంకో ఇల్లు కొనుక్కుందని విన్నాం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది. పెద్దదాన్ని, నోటితో అనలేను. ఫోటో మాత్రం అద్దం అంచునే ఉంది. పసుపు దుప్పటి ఎండకు వెలిసి తెల్లబడింది.

పదకొండేళ్ళు గడిచాయి. ఈ మధ్యలో ఎవరైనా స్కోగెన్ల ఇంటి మాటెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. మొన్న మార్చిలో పోయిన ఒక ముసలమ్మకు స్కోగెన్ల వెనక గదిలో జుట్టు చుడుతూ ఇక ఆగలేకపోయాను.

"ఆర్డిస్, ఆ టెక్సాస్ అబ్బాయి వచ్చిన రోజు నేను కావాలనే లోపలికి పోయానే."

ఆమె ఆ ముసలమ్మ కళ్ళద్దాల్ని సర్దుతోంది. తలెత్తలేదు.

"తెలుసు. కాఫీ కూజా నిండుగానే ఉంది. నింపింది నేనేగా" అంది.

"ఇన్నేళ్ళూ అడగలేదేమే?"

"అడిగితే నువ్వేం చెబుతావు? నువ్వు వెళ్ళిపోతే నాకెవరంటావు. అప్పుడు నేనే ఉండిపోతాననాల్సి వచ్చేది. అడక్కుండా ఉండిపోవడమే సులువైంది."

నాకు ఏడుపొచ్చింది. దువ్వెన పక్కన పెట్టేశాను.

"వెర్నా గది ఇంకా ఉందిగా. నువ్వు వెళ్ళు. ఫోన్ దగ్గర నేను కూర్చుంటాను."

"వద్దులేవే, నీ మోకాళ్ళకు ఆ మెట్లెక్కడం కష్టం."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు? రెండు వారాలు. సముద్రం చూసి రా."

"ఎందుకులే. వెర్నాకు చాకిరీ."

రెండయ్యాయి. మూడోసారి అడిగాను. "వెళ్ళు ఆర్డిస్. నిన్ను పంపాలని నిజంగా ఉంది."

ఆర్డిస్ కిటికీలోంచి బయటి గోడమీది గంట వైపు చూసింది.

"వద్దు. అక్కడ దేనికోసం చెవి రిక్కించాలో నాకు తెలియదు మార్లీస్" అంది.

మూడోసారి వద్దంటే ఇక వద్దనే. ఆ సంగతి మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ పైన ఎవరూ అడగరు.

నేను నాలుగోసారి అడిగాను. ఐదోసారీ అడిగాను, ఏడుస్తూ.

ఆర్డిస్ నా చేతికి దువ్వెన అందించింది.

"కానివ్వు. పదింటికి ఈవిడ పిల్లలొస్తారు" అంది.