అన్నయ్య చెయ్యి

నాకు ఉద్యోగం వచ్చిందండి. ముందు ఆ మాట అనేస్తే గానీ మిగతాది చెప్పడానికి నాకు నోరు కుదురుగా ఉండదు. పొద్దున పదకొండింటికి మెయిల్ వచ్చింది. నాలుగుసార్లు చదివి, ఐదోసారి చదువుతూ తోటలోకి పరిగెత్తాను. నాన్న కొబ్బరిచెట్టు మీద కాయల దింపు తీస్తున్నాడు. కింద నిలబడి ఉద్యోగం, ఉద్యోగం అని అరిస్తే, "దూరంగా జరుగమ్మా, గెల పడుద్ది" అన్నాడు. జరిగాను. రెండు గెలలు పడ్డాక ఆయన దిగి, చేతులు పంచెకి తుడుచుకుని, ఇప్పుడు చెప్పమన్నాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఇలాంటి కబురు ఎలా వినాలో ఎవరికీ అలవాటు లేదు. కూర్చుని చేసే పనేనా అని మాత్రం అడిగాడు. కూర్చునే అన్నాను. ఎండలో కాదు కదా అన్నాడు. కాదన్నాను. ఆయన మళ్ళీ చెట్టెక్కేశాడు గానీ, ఆ చెట్టు దింపు అప్పటికే అయిపోయిందని ఇద్దరికీ తెలుసు.

అమ్మ అంత తేలిగ్గా వదల్లేదు. పని ఏంటో విడమరిచి చెప్పమంది. కంప్యూటర్లో పోటీగా ఆడే ఆటలుంటాయి, వాటిలో దొంగాట ఆడేవాళ్ళని పట్టుకోవడానికి కాపలా సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది, ఆ కాపలా ఒక్కోసారి దొంగని వదిలేసి మంచివాణ్ణి పట్టుకుంటుంది, అలా పట్టుకోకుండా చూడ్డమే నా పని అని చెప్పాను. అమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. "ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలి మరి" అంది. మళ్ళీ చేట అందుకుంటూ, "అన్నయ్యకి చెప్పావా?" అంది. రెండున్నరేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ నా ముందు అనని మాట అది.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. కొబ్బరి పీచు మిల్లులో పని చేస్తుండగా ఎడమ చేతి వేళ్ళు రెండు, మధ్యదీ ఉంగరపుదీ, మిషన్లో పోయాయి. ఆ తర్వాత రామచంద్రపురంలో బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పెట్టాడు. జిరాక్సు అని పేరేగానీ రేషన్ కార్డు దరఖాస్తులు, హాల్ టికెట్లు, పెళ్ళి శుభలేఖలు అన్నీ అక్కడే. మిగిలిన ఎనిమిది వేళ్ళతో అతను దరఖాస్తు కొట్టే వేగం చూడ్డానికి జనం పని లేకపోయినా నిలబడేవారు. గోడ మీద పెద్ద అక్షరాలతో "చదివి సంతకం పెట్టండి" అని రాసిన అట్ట వేలాడేది. ఎవరైనా చదవకుండా పెన్ను తీస్తే, కాయితం వెనక్కి లాక్కుని, చదివాకే ఇచ్చేవాడు. కీబోర్డు మీద నాకు అక్షరాలు నేర్పింది అతనే. కంప్యూటర్ల డిగ్రీలో చేరమని నాన్నని ఒప్పించిందీ అతనే.

మధ్యాహ్నం భోజనాల వేళ షాపుకి ఎవరూ వచ్చేవారు కాదు. అప్పుడు షట్టరు సగం దించి ఆట ఆడేవాడు. అయిదుగురు ఒక జట్టు, ఎదురుగా ఇంకో అయిదుగురు, తుపాకులు, గోడల చాటున నక్కడం. గురి చూడ్డం కుడిచేతి పని, అందులో అతన్ని మించినవాడు లేడు. నడవడం, పరిగెత్తడం, వంగడం ఎడమ చేతి పని. అక్కడ వచ్చేది చిక్కు. ఒక మీట నొక్కి పట్టుకుని ఇంకోటి నొక్కాలంటే వేళ్ళు చాలవు. అతని బొమ్మ ఎప్పుడూ గోడ పక్కన బిత్తరపోయి నిలబడి చచ్చిపోయేది. అది చూసి చూసి, డిగ్రీ రెండో ఏడాదిలో నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. మీటని ఒకసారి తాకితే చాలు, మళ్ళీ తాకేదాకా అది నొక్కినట్టే ఉంటుంది. ఆటలో అలాంటి సదుపాయం లేదు. నా ప్రోగ్రాం గురి సాయం చెయ్యదు, గోడ అవతల ఎవరున్నారో చూపించదు. లేని రెండు వేళ్ళ పని చేస్తుంది, అంతే. ఫైలుకి 'అన్నయ్య చెయ్యి' అని పేరు పెట్టాను. మొదటి రోజు అతని బొమ్మ గోడ చాటు నుంచి పరిగెత్తుకుంటూ బయటికొచ్చింది. అన్నయ్య తెర వంక చూడకుండా తన చేతి వంక చూసుకున్నాడు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ లేచాడు. మా చర్చిలో సాక్ష్యమంటే, దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పుకోవడం. జ్వరం తగ్గిందనో, గేదె ఈనిందనో చెప్తారు. అన్నయ్య ఎడమ చెయ్యి పైకెత్తి, "మిల్లు తీసుకున్న వేళ్ళు దేవుడు మా చెల్లెలి చేత తిరిగి ఇప్పించాడండి" అన్నాడు. వెనక బెంచీలో ముసలమ్మలు మెడలు చాచి ఆ చేతికేసి చూశారు. వేళ్ళు ఎక్కడా మొలిచినట్టు కనపడక, పోన్లే అని స్తోత్రం చెప్పారు. పాస్టరు అయ్యగారు నన్నూ నిలబెట్టి ప్రార్థన చేశారు. నా జన్మలో అంత గర్వంగా నేనెప్పుడూ తల వంచుకోలేదు.

తర్వాతి నెలలో రాజమండ్రిలో ఆ ఆట పోటీ. అన్నయ్య ఇంకో నలుగురితో జట్టు కట్టాడు, తోడుగా నేనూ వెళ్ళాను. ఎవరి కంప్యూటర్ వాళ్ళు తెచ్చుకోవాలన్నారు. అన్నయ్య తన పెట్టెని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్క సీటాయన కోడిపుంజా అని అడిగాడు కూడా. పొద్దున్నే హాల్లో పెట్టి ఆట తెరిస్తే, కొత్త కాపలా సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఎక్కించుకోకపోతే ఆట తెరుచుకోదని చూపించింది. కింద ఇంగ్లీషులో ఇంత పొడుగు షరతులు. అన్నయ్య నా వైపు జరిపి, నువ్వు చదువుకున్నదానివి, చూడమన్నాడు. మొదటి మ్యాచ్‌కి పది నిమిషాలు కూడా లేదు. నేను చదవలేదండి. కిందకి జరిపి, ఒప్పుకుంటున్నాను అన్నచోట నొక్కేశాను. ఆ అట్ట కింద కూర్చుని పెరిగినదాన్ని.

మొదటి రెండు మ్యాచ్‌లూ బానే సాగాయి. చుట్టుపక్కల మాత్రం వింతలు మొదలయ్యాయి. పక్క జట్టు కుర్రాడి కీబోర్డులో రంగుల లైట్లు ఆరిపోయాయి. ఇంకొకతను తన ఆట రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోయింది. వీధిలోకి కొత్తగా వచ్చిన కాపలావాడిలా, అది తనకి తెలియని ముఖాన్నల్లా ఆపుతోందన్నమాట. మూడో మ్యాచ్ మధ్యలో అన్నయ్య తెర నల్లబడింది. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ వాడినందుకు ఖాతా శాశ్వతంగా రద్దు అని ఎర్రక్షరాలు. హాలంతా వినపడేలా ఎవరో "దొంగ" అన్నారు.

పోటీ పెట్టిన పెద్దాయన వచ్చి, కంప్యూటర్లో నడుస్తున్నవాటి పట్టీ తెరిచారు. వరసగా చదువుతూ ఒకచోట ఆగి, "అన్నయ్య చెయ్యి. ఏంటమ్మా ఇది?" అన్నారు. నేను చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన ముందు జట్టు వంక తిరిగి, తెలిసి వాడితే జట్టు మొత్తం బయటికి, తెలియక జరిగితే ఇంకొకర్ని పెట్టుకుని ఆడొచ్చు అన్నారు. మిగతా నలుగురూ అన్నయ్య వంక చూశారు. అన్నయ్య ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నాకేం తెలీదండి. మా చెల్లెలు కంప్యూటర్లు చదువుతుంది. ఏదో ఎక్కించుంటుంది."

నేను కాదనలేదు. అతని ముఖం చూస్తే, నేను ఔనంటానని అతనికి గట్టి నమ్మకమున్నట్టు కనపడింది. అదే ఎక్కువ బాధ పెట్టింది. జట్టు ఇంకొకణ్ణి పెట్టుకుని ఆడి, ఆ మ్యాచ్‌లోనే ఓడిపోయింది. తిరుగు బస్సులో అతను ముందు సీట్లో, నేను వెనక. కండక్టరు నా దగ్గరికొచ్చి, మీ టికెట్ ముందాయన తీసేశారమ్మా అన్నాడు. ఆ టికెట్‌ని నేను ముక్కలు ముక్కలు చేసి, ఆనక చెకింగ్ వస్తే ఎలాగని అవన్నీ ఏరి గుప్పిట్లో పట్టుకు కూర్చున్నాను.

కబురు మాకంటే ముందే ఊరు చేరింది. కాలేజీలో సారు ఆ సెమిస్టరంతా నన్ను ల్యాబులోకి రానివ్వలేదు. నేను రాసిన విన్నపానికి ఆట కంపెనీ నుంచి, నిర్ణయం మారదని ఒక్క వాక్యం వచ్చింది. చర్చిలో అమ్మలక్కలు, పాపం ఆ అబ్బాయి, దేవుడి పేరు చెప్పి మోసపోయాడు అనుకున్నారు. అన్నయ్య ప్రతి ఆదివారం వచ్చేవాడు. ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళ నేను అతని బెంచీ వైపు చూసేదాన్ని. అతను లేవలేదు.

ఆ కోపంతోనే ఆ కాపలా ఎలా పనిచేస్తుందో కూర్చుని చదివాను. ఈసారి షరతులు కూడా, చివరి అక్షరం దాకా. దానికి కనపడేది ఒకటే: వేలు లేకుండా మీట నొక్కినట్టవుతోంది. అలా నొక్కించేవాళ్ళలో నిజం దొంగలే ఎక్కువ. వేళ్ళు లేనివాడు ఒకడుంటాడని దానికి ఎవరూ చెప్పలేదు. అందుకని సాఫ్ట్‌వేర్ మీద నా కోపం ఎప్పుడో పోయింది. అన్నయ్యకి మాత్రం అన్నీ తెలుసు. మొన్న ఇంటర్వ్యూలో, ఈ ఉద్యోగం ఎందుకని అడిగితే రాజమండ్రి సంగతంతా చెప్పాను. ఆ ప్రోగ్రాం చూపించమన్నారు. చూపించాను. వాళ్ళలో పెద్దావిడ కాసేపు తెర చూసి, పేరుకి అర్థమేంటని అడిగారు. చెప్పాను. నిన్ను తీసుకుంటే, ఇలాంటివి ముందుగా నమోదు చేసుకునే దారి పెట్టడమే నీ మొదటి పని అన్నారు.

రెండున్నరేళ్ళు గడిస్తే మాట పాతబడుతుందనుకున్నాను గానీ, పాతబడ్డవి ఆ హాలూ, ఆ ఎర్రక్షరాలూ మాత్రమే; జేబులోకి వెళ్ళిన ఆ చెయ్యి ఇంకా బయటికి రాలేదు.

ఇంకా చెయ్యాల్సిన ఫోన్లు ఉన్నాయి. జంగారెడ్డిగూడెంలో హాస్టల్ స్నేహితురాలికి. అది ఏడుస్తుంది, అందుకని ముందు దానికి. ల్యాబులోకి రానివ్వని సారుకి, చాలా మర్యాదగా. అయ్యగారికి, ఆదివారం సాక్ష్యానికి నా పేరు రాసుకోమని. పెద్దమ్మకి, ఆవిడ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది, పక్కన ఎవరున్నారో చెప్పదు. ఆఖర్న అన్నయ్యకి, ఆదివారం నేను లేచినప్పుడు తనూ పక్కన లేచి, ఆ చెయ్యి తనదేనని చెప్తాడా అని అడగడానికి.